పిట్టను మోసే దారం

"ఇవి ఎగరట్లేదమ్మా," అంటూ సురేంద్ర ప్లాస్టిక్ డబ్బా మూత తీసి రాజ్యం ముందు పెట్టాడు.

డబ్బాలో పన్నెండు పిట్టలున్నాయి. నిజం పిట్టలు కావు. పెద్ద గాలపు ముల్లుకు పుంజు మెడ ఈకలు చుట్టి, నడుముకు పట్టుదారం బిగించి, మధ్యలో జరీపోగు మెరిసేలా కట్టిన ఎరలు. నీళ్లమీద పడగానే కప్పో, గూట్లోంచి జారిన పిట్టపిల్లో అనుకుని కొరమీను నోరు తెరుచుకుని రావాలి. సురేంద్రా, అతని స్నేహితులూ వీటిని ఫ్లై అంటారు. రాజ్యం మాత్రం మొదటిరోజు నుంచీ పిట్టలనే అంటుంది. ఈకలున్నదాన్ని ఈగ అనడం ఆమెకు నచ్చలేదు.

ఆ గురువారం సాయంత్రం ఆమె మంగళగిరిలో తన ఇంటి వసారాలో కూర్చుని అచ్చు అతుకుతోంది. మగ్గం మీద అయిపోయిన పడుగు కొసలకు కొత్త పడుగు కొసలు కలపడమే ఆ పని. వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, పోగుకు పోగు చేర్చి మెలిపెడుతుంది. చీరకు వేలల్లో పోగులు. ఒక్కటి జారినా చీర పొడుగునా గీత కనపడుతుంది. ఏడాది కింద భార్యకు చీర కొనడానికి వచ్చిన సురేంద్ర ఈ వేళ్లను చూసే, ఫోనులో వీడియో చూపించి, ఇలాంటివి కట్టగలరా అని అడిగాడు.

"మొన్నటిదాకా బాగానే ఉన్నాయన్నారు కదండి?" అంది రాజ్యం, చేతిలో పోగు వదలకుండానే.

"చిన్నవి బాగానే ఉండేవి. ఈ పెద్దవే. ఎంత బలంగా విసిరినా నా కాళ్ల ముందే పడుతున్నాయి. నిన్న ఒకటి వెనక్కొచ్చి ఇక్కడ గుచ్చుకుంది." చెవి వెనక అంటించిన పట్టీ చూపించాడు.

"అయ్యో. కొరమీనుకి నోరు పెద్దది, పెద్దగా కట్టమని మీరే అన్నారు గదండి."

"పెద్దగా కట్టమన్నానమ్మా, మోపులు కట్టమన్లేదు."

లోపల గుంటమగ్గంలో కూర్చున్న రాజ్యం భర్త చలమయ్య చేతిలో నాడె ఆగింది. ఒక్క క్షణమే. మళ్లీ టకటకా మొదలైంది. రాజ్యం మొహంలో రంగు మారింది. చేతిలోని పోగును జాగ్రత్తగా పక్కన పెట్టి, బూడిద చేతులు చీరకు తుడుచుకుని డబ్బా అందుకుంది.

"తప్పెక్కడో చెప్తే సరిచేస్తానండి."

తప్పెక్కడో సురేంద్రకు తెలియదు. తెలియదని చెప్పే అలవాటు కూడా లేదు. బ్రాడీపేటలో పేరున్న కోచింగ్ సెంటర్లో పదిహేనేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నవాడాయె. అందుకని పది నిమిషాలపాటు గాలి అడ్డుకోవడం గురించీ, బరువు గురించీ, ఈకలు నీళ్లు పీల్చడం గురించీ చెప్పాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. రాజ్యం తల వంచుకుని, మధ్య మధ్య "ఆహా" అంటూ అంతా విన్నది.

ఇంటికొచ్చి స్నానం చేసి, టీ తాగుతూ, గాలాల వాళ్ల వాట్సాప్ గ్రూపు తెరిచాడు. నలభైమంది ఉంటారు అందులో. సత్తెనపల్లిలో పురుగుమందుల కొట్టు నడిపే కోటేష్ వారం కిందట అడిగాడు: "సార్, మీ మంగళగిరి ఆవిడ చేత మాక్కూడా ముప్పై కట్టించరా?" దానికిప్పుడు జవాబు పెట్టాడు. "ఆవిడ పనిలో నాణ్యత పడిపోయింది. మోపులు కట్టి ఇస్తోంది. ప్రస్తుతానికి ఎవరూ ఆర్డర్లు ఇవ్వకండి." మోపులనే మాట అతనికి నచ్చింది. అందుకే రెండోసారి వాడుకున్నాడు.

"మీరు చెప్పారంటే అంతే సార్," అని కోటేష్ పెట్టాడు. అప్పటికే పిట్టలకు ఆర్డరు చెప్పుకున్న మరో నలుగురు మాకూ వద్దన్నారు. సురేంద్ర హాయిగా నిద్రపోయాడు.

విసిరే దారం, అదే లైను, దాని సంగతి మాత్రం గ్రూపులో ఎవరూ ఎత్తలేదు. ఎత్తినా లాభం ఉండేది కాదు. ఎందుకంటే ఆ విషయంలో అందరికీ గురువు సురేంద్రే. మూడువారాలు వెతికి, రెండు రకాలు పక్కపక్కన పెట్టుకుని, ఐదో నంబరు లైను ఎంచుకున్నాడు. ఎనిమిదో నంబరుది లావుగా, మొరటుగా కనిపించింది. ఇదేమో వేళ్ల మధ్య వెంట్రుకలా జారింది. మన వైపు సన్నదారానికున్న మర్యాద అంతా ఇంతా కాదు. లావు దారమైతే చేప పసిగడుతుందని కాలువగట్టు మీద పండు ముసలాయన దగ్గర్నుంచీ చెబుతారు. చీరైనా అంతే, పోగు ఎంత సన్నమైతే అంత గొప్ప. అతని గాలపుకర్ర పిడి మీద ఎనిమిది అని స్పష్టంగా రాసుంది. అది కర్ర బలం తాలూకు అంకె అని తనకు తానే చెప్పుకున్నాడు, తర్వాత గ్రూపుకూ చెప్పాడు. ఆ మాట విని ముగ్గురు అదే లైను కొన్నారు.

ఆదివారం పొద్దున్నే దుగ్గిరాల దాటాక ఉన్న మురుగుకాలువ దగ్గర ఆరుగురు చేరారు. వానలు తగ్గాయి. కాలువ సగం గుర్రపుడెక్కతో నిండిపోయి, ఆ అంచున నీళ్లు నల్లగా నిలిచి ఉన్నాయి. కొరమీను ఉండేది అక్కడే. గట్టు నుంచి పదిహేను గజాలు. ఏడాదిగా ఆ పదిహేను గజాలే ఎవరికీ అందడం లేదు.

ముదస్సిర్ గ్రూపులో కొత్తగా చేరాడు. పాత గుంటూరులో మోటార్లకు తీగ చుట్టే షాపు అతనిది. మస్కట్‌లో ఉన్న బావమరిది పంపిన లైను రీలుకు ఎక్కించుకుని వచ్చాడు. పచ్చగా, పసుపుకొమ్ము రంగులో ఉంది. దాన్ని చూసి సురేంద్ర నవ్వాడు.

"ఏంటి భాయ్, గేదెను కట్టేయడానికా?"

ముదస్సిర్ కూడా నవ్వాడు. "చూద్దాం సార్. నా దగ్గర పెద్దవి లేవు. మీ దగ్గర ఒక పిట్టుంటే ఇస్తారా?"

సంచి అడుగున రాజ్యం కట్టిన పెద్ద పిట్ట ఒకటి మిగిలిపోయి ఉంది. డబ్బాలో పట్టక విడిగా పెట్టిన పదమూడోది. సురేంద్ర దాన్ని తీసి ఇచ్చాడు. నవ్వుకోవడానికి నలుగురికీ ఏదో ఒకటి ఉండాలి కదా అనుకున్నాడు.

ముదస్సిర్ కర్రను వెనక్కి లేపి క్షణం ఆగాడు. పచ్చలైను వెనక గాల్లో బారుగా విచ్చుకుంది. అది పూర్తిగా విచ్చుకునేదాకా ఆగి, కర్ర వంగగా ముందుకు తోశాడు. లైను ఉంగరంలా తిరిగి, కాలువమీద పరుచుకుంటూ పోయి పోయి, కొసన ఉన్న పిట్టను గుర్రపుడెక్క అంచున మెల్లిగా దించింది. రాజ్యం కట్టిన ఈకలు నీళ్లమీద విప్పారి వణికాయి.

రెండోసారి విసిరినప్పుడు నీళ్లు పేలినట్టయ్యాయి. ఐదు నిమిషాల తర్వాత, మోచేతి పొడుగున్న కొరమీను గట్టుమీద గడ్డిలో కొట్టుకుంటోంది. కోటేష్ గంతేశాడు.

"ఒరేయ్, ఏం పిట్టరా బాబూ ఇది! ఎక్కడిది భాయ్?"

"సురేంద్ర సార్ ఇచ్చిందే."

అందరూ ఇటు తిరిగారు. ఐదు మొహాలు. చెప్పాల్సింది రెండే మాటలు, "రాజ్యంగారు కట్టింది" అని. ఆ రెండు మాటలూ సురేంద్ర నోట రాలేదు.

"ఇది వేరేది," అన్నాడు. "బయట్నుంచి తెప్పించాను."

ఎందుకన్నాడో అతనికే తెలియదు. అన్నాక వెనక్కి తీసుకోవడం ఎలాగో అంతకన్నా తెలియదు.

ముదస్సిర్ చేప నోట్లోంచి ముల్లు జాగ్రత్తగా విప్పుతూ అన్నాడు. "పిట్ట మంచిదే. అసలు పని మాత్రం లైనుదండి. పిట్టకు బరువేముంది, ఈకలేగా. బరువు లైన్లో ఉండాలి. అది పోతూ పిట్టను లాక్కుపోద్ది. పెద్ద పిట్టైతే గాలి పట్టుకుంటది కాబట్టి లైను ముందు భాగం ఇంకా లావుండాలి. మా తీగల్లో నంబరు పెరిగితే సన్నం, ఇందులో తిరగేసి, పెరిగితే బరువు. మీ కర్ర ఎనిమిదే కద సార్? లైనెంత?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, సురేంద్ర చెయ్యి రీలు మీదికి పోయింది. ముదస్సిర్ ఆ చేతిని చూశాడు, రీలు మీది అంకెనూ చూశాడు. మంచి మనిషి, పైకి ఏమీ అనలేదు. చేపను తడి గోనెపట్టాలో చుట్టే పనిలో పడ్డాడు.

సురేంద్ర తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఎండెక్కక ముందే పనుందని చెప్పి లేచాడు.

సోమవారం క్లాసులో ద్రవ్యవేగం. కొరడా ఝళిపిస్తే కొసన ఆ చప్పుడు ఎందుకొస్తుంది? లావుగా ఉన్న మొదట్లో పుట్టిన ఊపు సన్నబడుతూ కొసకు చేరుతుంది కాబట్టి. ఏటా ఈ బొమ్మ వేస్తాడు. ఆవేళ కొరడా మొదలు లావుగా గీసి, కొసకు వచ్చేసరికి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. తొంభైమంది పిల్లలు రాసుకోవడానికి ఎదురుచూస్తున్నారు. పదిహేనేళ్లుగా బోర్డు మీద ఉన్న సంగతి! అంత తెలిసీ కాలువగట్టున అది గుర్తురాని మనిషి, తన తప్పును ఒక నేతగత్తె నెత్తిన రుద్ది వచ్చాడు. తల కొట్టేసినట్టయింది సురేంద్రకు.

మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో ఫోను తీశాడు. "ఒక చిన్న సవరణ" అని కొట్టి చెరిపేశాడు. ముగ్గురి చేత ఆ లైను కొనిపించిన సంగతి గుర్తొచ్చింది. బయట్నుంచి తెప్పించానన్న మాట గుర్తొచ్చింది. ఒకటి చెబితే రెండోదీ చెప్పాలి, రెండోది చెబితే మూడోదీ. మంగళవారం మళ్లీ కొట్టి, మళ్లీ చెరిపాడు. బుధవారం అసలు ఫోను తియ్యలేదు. చెవి వెనక గాయం మానిపోయింది గానీ, ఊరికే దాన్ని తడుముకుంటూ ఉన్నాడు.

గురువారం సాయంత్రం మొహం చెల్లకపోయినా మంగళగిరి వెళ్లాడు.

వసారాలో అచ్చు లేదు. రాజ్యం గోడకు ఆనుకుని, ఒళ్లో పాత గుడ్డ పరుచుకుని కూర్చుంది. గుడ్డనిండా ఈకలు, ఎర్రవీ నల్లవీ. పక్కన ప్లాస్టిక్ డబ్బాలో పీకేసిన పిట్టలు. ఒక్కొక్కదానికీ రెండు మూడు ఈకలు మాత్రం మిగిలి, తడిసిన కోడిపిల్లల్లా ఉన్నాయి. ఆమె చేతిలో ఇంకొకటుంది. సూది మొనతో ముడి విప్పుతోంది.

"రండి సార్," అంది. "మోపులు విప్పుతున్నా."

"మీకెవరు చెప్పారమ్మా ఆ మాట?"

"మీరే అన్నారు గదండి ఇక్కడ. తర్వాత కోటేష్‌గారు కూడా ఫోన్ చేశారు, ముప్పై వద్దులెమ్మా, సార్ మోపులన్నారు అని. నేనేమో అంతకుముందు ఆయనే చెప్పుకున్న ఈ ముప్పై ఉన్నాయి గదాని, ఈ నెల ఇంక అచ్చులు అతకటానికి రానని మగ్గాల షావుకారు గారికి చెప్పేశా. మళ్లీ వెళ్లి అడిగితే వేరే ఆవిణ్ణి పెట్టుకున్నామన్నారు."

ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు ఆ గొంతు. వానెప్పుడు పడిందో చెప్పినట్టుంది. సురేంద్ర చెప్పులు విప్పి, గడప పక్కన కింద కూర్చున్నాడు. ఆమె పీట జరపబోతే వద్దన్నాడు.

"పిట్టల్లో ఏ తప్పూ లేదు రాజ్యంగారూ. తప్పు నా దారంలో ఉంది. పెద్ద పిట్టకు బరువైన దారం కావాలి. నేను సన్నది కొన్నాను. తెలియక మిమ్మల్ని అన్నాను."

రాజ్యం చేతిలో సూది ఆగింది. పీకిన ఈకను గుడ్డమీద పెట్టి, దాన్నే చూస్తూ అడిగింది.

"ఎప్పుడు తెలిసిందండి?"

"ఆదివారం."

"ఇవాళ గురువారం."

సురేంద్ర డబ్బాలోని పిట్టల వైపు చూశాడు.

"సోమవారం ఆరు విప్పానండి," అంది రాజ్యం. "మంగళవారం మూడు. నిన్న రెండు. ఇది పన్నెండోది."

అంత సిగ్గు అతనెన్నడూ ఎరగడు. పొరపాటు ఆదివారంతో అయిపోయిందనుకున్నాడు. అతను ఫోనులో కొట్టి చెరిపిన ప్రతిరోజూ ఇక్కడ ఈమె కూర్చుని, తన చేత్తో కట్టినవాటిని తన చేత్తోనే పీకింది. లెక్చరర్ గారు చెప్పారు కాబట్టి తప్పు తనదే అయ్యుంటుందని నమ్మి పీకింది.

"క్షమించండమ్మా."

"నాతో అంటే ఏం లాభమండి? ఎవరితో అన్నారో వాళ్లతో అనండి."

సురేంద్ర ఫోను తీసి గ్రూపు తెరిచాడు. రాయబోయి మానేసి, మైకు గుర్తు నొక్కి మాట్లాడాడు. "మిత్రులారా, మొన్న పెద్ద ఫ్లైల విషయంలో చిన్న సమాచార లోపం జరిగింది. దయచేసి గమనించగలరు."

"పంపకండి," అంది రాజ్యం. "అందులో నేనెక్కడున్నానండి?"

చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాడు. "మంగళగిరి రాజ్యంగారి పనితనం మంచిదే. లైను ఎంపికలో కొంత పొరపాటు జరిగింది..."

"జరగటానికి అదేమన్నా వానాండి? ఎవరు చేశారు?"

లోపల మగ్గం ఎప్పుడు ఆగిందో, చలమయ్య గుంటలోంచే గొంతెత్తాడు. "ఆడలేక మద్దెల ఓడన్నాడంట ఎనకటికొకడు."

"నువ్వూరుకోవయ్యా," అంది రాజ్యం. తర్వాత సురేంద్రతో, ఈసారి కాస్త మెత్తగా అంది. "మేం నేసేటప్పుడు ఒక పోగు తప్పు పడిందనుకోండి, అక్కడిదాకా విప్పి మళ్లీ నేస్తాం. తప్పు మీద నేసుకుంటా పోతే చీరంతా పోద్ది. మీరు తప్పు పడ్డ కాడికి వెళ్లండి."

సురేంద్ర మూడోసారి మైకు నొక్కాడు.

"నేను సురేంద్రని. రాజ్యంగారు కట్టిన పెద్ద ఫ్లైలు ఎగరడం లేదని, మోపులని అన్నాను. అది అబద్ధం. నా కర్ర ఎనిమిదైతే నేను ఐదు లైను వేసుకున్నాను. నా మాట విని మీలో ముగ్గురు అదే కొన్నారు. ఆదివారం ముదస్సిర్ కొరమీనును పట్టింది రాజ్యంగారి ఫ్లైతోనే. బయట్నుంచి తెప్పించానని నేను అబద్ధమాడాను. నా మాటవల్ల ఆవిడ పని పోయింది."

ఆదివారం సంగతి రాజ్యానికి తెలియదు. ఎవరూ అడక్కుండా అది అతనే చెప్పాడు. ఆమె తలెత్తి మొదటిసారి అతని మొహంలోకి చూసింది.

"ఇప్పుడు పంపండి."

పంపాడు. విన్నట్టు గుర్తులు ఒకటొకటిగా పడ్డాయి. పది నిమిషాలకు కోటేష్ దగ్గర్నుంచి "సరే సార్" అని వచ్చింది. అంతే. మీరు చెప్పారంటే అంతే అనే మాట లేదు.

"పిట్ట ఎగిరిందన్నమాట," అంది రాజ్యం, చేతిలో సగం పీకిన దాన్ని తిప్పి చూస్తూ. "ఏడాది నించీ కడుతున్నా, ఎగరగా ఒక్కటీ చూళ్లేదండి నేను."

చూపించాలని సురేంద్రకు ఏడాదిలో ఒక్కసారి కూడా తోచలేదు. ఆదివారం రమ్మని పిలిచాడు. ఆ పిలవడం కూడా తల వంచుకునే.

ఆదివారం రాజ్యం బస్సులో దుగ్గిరాల దిగి, అక్కణ్ణుంచి ఆటోలో కాలువగట్టుకు వచ్చింది. రెండు రాత్రులు కూర్చుని కొత్తగా కట్టిన రెండు పిట్టలు డబ్బాలో ఉన్నాయి. కోటేష్ తన మడత కుర్చీ ఆమెకిచ్చాడు. అందరూ సురేంద్రను "రండి సార్" అన్నారు. అంతకుమించి ఎవరూ మాట్లాడలేదు. అతను కాస్త ఎడంగా నిలబడ్డాడు.

ముదస్సిర్ విసిరాడు. పచ్చలైను వెనక్కి విచ్చుకుని, ముందుకు తిరిగి, నీళ్లమీదుగా సాగిపోయింది. రాజ్యం లేచి నిలబడింది. అందరి కళ్లూ పిట్టమీద ఉంటే ఆమె కళ్లు మాత్రం లైనుమీదే ఉన్నాయి. "అమ్మో, ఎంత దూరం!" అని మాత్రం అంది. చిన్నపిల్లలా ఇంకోసారి విసరమని అడిగింది. నాలుగుసార్లు విసిరించుకుని చూసింది.

కోటేష్ బండి పెట్టెలోంచి మూడు కొత్త లైన్ల డబ్బాలు తీశాడు. మూడూ ఎనిమిదో నంబరువే. ముదస్సిర్ బావమరిది నమూనాకు పంపినవి. ఒకటి ఉంచుకుని, అలాంటివే ఆరు తెప్పించుకోవాలి. మామూలుగా ఇలాంటప్పుడు అందరూ సురేంద్ర వైపు తిరుగుతారు. అతని చెయ్యి అలవాటుకొద్దీ కొద్దిగా ముందుకు వచ్చింది. కోటేష్ ఆ చేతిని దాటుకుపోయి, మూడు డబ్బాలూ రాజ్యం ఒళ్లో పెట్టాడు.

"అమ్మా, దారం సంగతి మీకు తెలిసినట్టు మాకు తెలవదు. మీ పిట్టకు ఏది సరిపోద్దో చెప్పండి."

రాజ్యం మొహమాటపడలేదు. ముదస్సిర్ చేత ఒక్కోదాన్ని బారెడు బారెడు విప్పించి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొస నుంచి మెల్లిగా లాక్కుంటూ పోయింది. మొదటిదాన్ని రెండుసార్లు చూసి పక్కన పెట్టింది.

"ఇది కొసన సన్నం సాగుతా సాగుతా చాలా దూరం పోయిందండి. పిట్ట దగ్గరికి వచ్చేసరికి బలం చచ్చిపోద్ది. చిన్నవాటికి పనికొస్తదేమో."

రెండోది మొత్తం ఒకే లావు. "ఇది అంతా ఒకటే బరువు. ఇంత బరువు ఎనకాల కూడా దేనికి? పొద్దస్తమానం ఇసిరితే చెయ్యి పడిపోదూ?"

మూడోదాని కొస పట్టుకుని నాలుగు జానలు లాగేసరికి ఆమె వేళ్లు ఆగాయి. మళ్లీ కొసకు వచ్చి, మళ్లీ లాగింది.

"ఇది చూడండి. కొసన నాలుగు జానలే సన్నం. ఎంటనే లావందుకుంది. బరువంతా ముందుకే తెచ్చి పెట్టారు, ఎనకాల మళ్లీ సన్నం. ఇదైతే పిట్టను తోసుకుపోద్ది. ఇదే తెప్పించుకోండి."

ముదస్సిర్ ఆ లైను ఎక్కించి, రాజ్యం కొత్తపిట్ట కట్టి విసిరాడు. గుర్రపుడెక్క అంచు దాటి పడింది. కోటేష్ ఈల వేశాడు. అంతలోనే సురేంద్ర వైపు తిరిగి, చిన్నబుచ్చాలని కాదు, అక్కడ పెన్నూ కాగితం ఉండేది అతని దగ్గరే కాబట్టి, "సార్, దీని నంబరూ వివరం రాయండి. గ్రూపులో పెడదాం," అన్నాడు.

సురేంద్ర సంచిలోంచి పుస్తకం తీశాడు. కింద కూర్చుని, మోకాలి మీద పెట్టుకుని, డబ్బా మీదివన్నీ చూసి రాశాడు. ఎనిమిదో నంబరు, నీళ్లమీద తేలేది, బరువు ముందుకు, కొస పొట్టి. రాయడం అయ్యాక తలెత్తాడు.

"ఇంకేమైనా రాయాలా?"

"ఎవరు చెప్పారో రాయండి," అంది రాజ్యం.

సురేంద్ర కళ్లజోడు తుడుచుకుని, ఆమె ఇంటిపేరు ఏమిటని అడిగాడు.